ఏఐ మన షాపు పేరు చెప్పాలంటే నెలకి 20 వేలు దేని మీద పెట్టాలి?

పోయిన ఎండాకాలం మా బావ ఫోన్ చేసి, హలో కూడా అనకుండా, "ఏంది బామ్మర్దీ, మనం ఆదివారం బందు పెట్టుడు ఎప్పుడు మొదలువెట్టినం?" అన్నాడు. హైదరాబాద్ మూసాపేటలో ఆయనకి వాటర్ ప్యూరిఫయర్లు అమ్మి రిపేరు చేసే చిన్న షాపు ఉంది. ఆదివారమే ఎక్కువ గిరాకీ, ఎందుకంటే జనం ఇంట్లో దొరికేది ఆ రోజే. ఒక పాత కస్టమర్ ఫోన్‌లో ఏఐని అడిగితే ఆ షాపుకి ఆదివారం సెలవు అని చెప్పిందట, పైగా ఇచ్చిన నంబరు ఎప్పుడో తీసేసిన ల్యాండ్‌లైన్. ఆయన ఇంకో షాపు వాళ్ళని పిలిపించుకుని మెంబ్రేన్ (నీళ్ళు వడకట్టే పొర) మార్పించుకున్నాడు, ఆ తర్వాత కూరగాయల బండి దగ్గర కనిపించి బావకి ఈ సంగతి చెప్పాడు.

నేను కూర్చుని వెతికితే తేలింది ఏమిటంటే, ఏఐ దాన్ని కల్పించలేదు. ఎన్నేళ్ళ క్రితమో ఎవరో ఒక లిస్టింగ్ సైట్‌లో ఎక్కించిన వివరాలు అవి. బావ సొంత వెబ్‌సైట్ చూస్తే అందులో టైమింగ్సే లేవు. "నాణ్యతే మా ధ్యేయం" అని ఒక వాక్యం, గ్లాసులు పట్టుకుని నవ్వుతున్న ఒక విదేశీ కుటుంబం ఫోటో, అంతే. ఆ వెబ్‌సైట్ చేసిపెట్టింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

ఆ వారంలోనే బావ ముగ్గురి దగ్గర కొటేషన్లు తెచ్చాడు. ఒకరు నెలకి 60 ఆర్టికల్స్ రాసిపెడతామన్నారు. ఇంకొకరు వంద బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మన సైటుకి లింకులు), నాలుగు న్యూస్ సైట్లలో పేరు. మూడోవాళ్ళు "ఏఐ ఆప్టిమైజేషన్" అని ఏదో స్కీమా (పేజీలోని వివరాలు మెషీన్‌కి తెలిసేలా పెట్టే కోడ్), ఏవో ఫైళ్ళు. ముగ్గురి రేటూ నెలకి 20 వేలకి అటూ ఇటూ. బావ అడిగింది ఒక్కటే, "ఇందుల ఏది తీస్కోవాలె?"

ఏదీ వద్దన్నాను, కనీసం అలా ప్యాకేజీగా వద్దు. ఎందుకు వద్దన్నానో, ఆ డబ్బు దేని మీద పెట్టమన్నానో ఇక్కడ రాస్తున్నాను. మీది పళ్ళ క్లినిక్ అయినా, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ అయినా, ప్లాట్ల వ్యాపారం అయినా ఇందులో చాలావరకు పనికొస్తుంది. తేడాలు ఎక్కడ వస్తాయో కిందకి వెళ్ళాక చెప్తాను.

ముందు అది ఎలా ఎంచుకుంటుందో చూద్దాం

గూగుల్ సెర్చ్‌లో పైన ఏఐ రాసిచ్చే జవాబులు, అంటే ఏఐ ఓవర్‌వ్యూస్, 2024 మే నెలలో అమెరికాలో మొదలై ఆగస్టుకల్లా మన దేశానికి వచ్చింది. చాట్‌జీపీటీలో సెర్చ్ అదే ఏడాది అక్టోబర్ 31న వచ్చింది. 2025 జులైలో ఎయిర్‌టెల్ తన కస్టమర్లకి పర్‌ప్లెక్సిటీ ప్రో (ఇదీ ఒక ఏఐ సెర్చే) ఏడాది పాటు ఉచితం అనేసరికి, అంతకు ముందు ఈ పేరే వినని వాళ్ళ ఫోన్లలోకి కూడా అది చేరింది. ఇప్పుడు మామూలు ఇళ్ళలో అడిగే ప్రశ్న ఇలా ఉంటుంది: "మాకు బోరు నీళ్ళు వస్తాయి, ఉప్పగా ఉంటాయి, ఏ ప్యూరిఫయర్ తీసుకోవాలి, కూకట్‌పల్లి దగ్గర్లో సర్వీసు ఎవరు బాగా చేస్తారు?"

ఇంత పొడుగు ప్రశ్నని ఆ మెషీన్ ఒకేసారి వెతకదు, ముక్కలు చేస్తుంది. ఉప్పు నీళ్ళకి ఆర్వో (మెంబ్రేన్‌తో లవణాలు తీసేసే ఫిల్టర్) అవసరమా, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) ఎంత దాటితే అవసరం, ఆ ఏరియాలో ఏయే షాపులున్నాయి, వాటి గురించి జనం ఏమంటున్నారు అని విడివిడిగా వెతికి, ఒక్కో పేజీలోంచి పనికొచ్చే పేరా ఏరుకుని, అన్నీ కలిపి జవాబు అల్లుతుంది. కాబట్టి అక్కడ నమ్మకం రెండు చోట్ల కావాలి. మీ పేజీలోని ఆ పేరా ఒంటరిగా చదివినా అర్థమై, నిజమైన జవాబులా ఉండాలి. మీరు నిజంగా ఉన్నారని, ఈ పనే చేస్తున్నారని మీరు కాక ఇంకెవరో చెప్పి ఉండాలి. ప్యాకేజీలు అమ్మేవాళ్ళు ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడతారు, అక్కడే మనం దెబ్బ తింటాం.

ఈ మెషీన్లకి హాస్యం, నిజం తేడా తెలుస్తుందని కూడా అనుకోకండి. 2024 మేలో గూగుల్ ఏఐ, పిజ్జా మీద చీజ్ జారిపోకుండా సాస్‌లో కొంచెం గమ్ కలపమని చెప్పి నవ్వులపాలైంది. అది రెడిట్‌లో ఎవరో పదకొండేళ్ళ కిందట సరదాకి రాసిన మాట. అక్కడ గమ్ అయితే మా బావ దగ్గర ల్యాండ్‌లైన్, రోగం ఒకటే.

ఇంకో మాట. ఎవరైనా వచ్చి "మీ ఈఈఏటీ స్కోరు పెంచుతాం" అంటే అక్కడే ఆపేయండి. అనుభవం, నైపుణ్యం, గుర్తింపు, నమ్మకం అనే ఈ నాలుగూ గూగుల్ తన క్వాలిటీ రేటర్లకి (సెర్చ్ ఫలితాలు బాగున్నాయో లేదో చూసి మార్కులేసే మనుషులకి) ఇచ్చే పుస్తకంలోవి. మొదట 2014లో మూడే ఉండేవి, "అనుభవం" 2022 డిసెంబర్‌లో చేర్చారు, వీటన్నిటికీ నడుమ ఉండేది నమ్మకం అని ఆ పుస్తకమే చెప్తుంది. ఆ రేటర్లు ఇచ్చే మార్కులు నేరుగా ఏ సైటు ర్యాంకునీ మార్చవు. కాబట్టి పెంచడానికి స్కోరనేదే లేదు.

60 ఆర్టికల్స్ ప్యాకేజీ

చూడటానికి ఇదే చవక, 60 అంటే ఒక్కోటి మూడు నాలుగు వందలకి పడుతుంది. నేను ఈ పని చేసి డబ్బు తీసుకున్నవాణ్ణే కాబట్టి కొంచెం గట్టిగానే చెప్పగలను. కొన్నేళ్ళ కిందట ఒక ట్యూషన్ సెంటర్‌కి వరసగా ఆర్టికల్స్ దింపాను, "మ్యాథ్స్ ఎలా చదవాలి", "పరీక్ష భయం పోగొట్టుకోవడం ఎలా" లాంటివి. కొన్ని నెలలు గ్రాఫ్ పైకి వెళ్ళింది, వాళ్ళు సంతోషించారు, నేనూ సంతోషించాను. తర్వాత అది ఎంత ఎక్కిందో అంతా దిగింది. మధ్యలో ఆ ఆర్టికల్స్ చదివి అడ్మిషన్ కోసం వచ్చిన పిల్లాడు ఒక్కడంటే ఒక్కడు ఉన్నాడా అని వాళ్ళు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఏఐతో రాయించడం తప్పని గూగుల్ ఎప్పుడూ అనలేదు. 2023 ఫిబ్రవరిలోనే, ఎలా తయారైందన్నది కాదు, పనికొస్తుందా లేదా అన్నది ముఖ్యం అని చెప్పింది. కానీ 2024 మార్చిలో స్పామ్ రూల్స్ మార్చి, ర్యాంకుల కోసమే కుప్పలుగా పేజీలు దింపడం అన్నదాన్ని నేరుగా పట్టుకుంది, రాసింది మనిషైనా మెషీన్ అయినా సరే. ఆ రూలు సంగతి పక్కన పెట్టినా ఇంకో చిక్కు ఉంది, నాకైతే అదే పెద్దది. "ఆర్వో అంటే ఏమిటి" అన్నది ఏఐకి ముందే తెలుసు. దానికి తెలిసిన విషయమే మీరు మళ్ళీ రాస్తే, మీ పేరు చెప్పాల్సిన అవసరం దానికేంటి?

కాబట్టి ఈ ప్యాకేజీ నెలకి 60 కాదు, 6 అన్నా వద్దు. మీరు చెప్పింది విని, తెలుగో ఇంగ్లీషో సరిచేసి టైప్ చేసిపెట్టే మనిషి దొరికితే మాత్రం డబ్బివ్వండి, అది వేరే పని.

బ్యాక్‌లింకులు, పేపర్లో పేరు

దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేను, ఎందుకంటే ఇందులో ఒక నిజం ఉంది. మీ గురించి మీరు చెప్పుకున్నదానికంటే వేరేవాళ్ళు చెప్పినదానికి బరువెక్కువ, అది మనుషుల్లోనూ అంతే, మెషీన్లలోనూ అంతే. కానీ కొన్న మాట వేరు, సంపాదించిన మాట వేరు. లింకులు కొని, అవి కొన్నవని గుర్తు పెట్టకుండా వదిలేయడం గూగుల్ లెక్కలో స్పామ్. పేరున్న సైట్‌లో ఒక మూల అద్దెకి తీసుకుని సంబంధం లేని ఆర్టికల్స్ పెట్టడాన్ని కూడా 2024 మే నుంచి పట్టుకుంటున్నారు, అదే ఏడాది నవంబర్‌లో ఆ రూలు ఇంకా బిగించారు. పైగా ఆ నాలుగు "న్యూస్" పేజీల్లో ఒకే వాక్యాలు, ఒకే ఫోటో, చివర ఒకే ఫోన్ నంబరు. చదివేవాడికి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

అదే డబ్బులో సగం కూడా అవసరం లేకుండా చేయగలిగింది ఒకటుంది. బావకి చెప్పాను, దగ్గర్లోని రెండు అపార్ట్‌మెంట్లలో ఒక ఆదివారం పొద్దున టీడీఎస్ మీటరు పట్టుకుని కూర్చో, ఎవరు బాటిల్ తెచ్చినా చూసి చెప్పు, ఏమీ అమ్మకు. అసోసియేషన్ వాళ్ళకి వెబ్‌సైట్ గానీ, ఫేస్‌బుక్ పేజీ గానీ ఉంటే వాళ్ళే రాస్తారు. అయితే ఒక చిక్కుంది, మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల ప్రపంచమంతా వాట్సాప్ గ్రూపుల్లోనే నడుస్తుంది, అక్కడ మిమ్మల్ని ఎంత పొగిడినా ఏ సెర్చ్‌కీ కనపడదు. ఆ పొగడ్తని బయటికి తెప్పించుకోవడమే పని, దాని దారి గూగుల్ మ్యాప్స్ రివ్యూ, కింద చెప్తాను.

వికీపీడియాలో పేజీ పెట్టిస్తామనేవాళ్ళు కూడా తగులుతారు. చిన్న షాపులకి అక్కడ పేజీ నిలవదు, డబ్బు తీసుకుని రాసేవాళ్ళు ఆ సంగతి బయటపెట్టాలని అక్కడ రూలే ఉంది. వదిలేయండి.

ఏఐ ఆప్టిమైజేషన్ అనే మూడో కొటేషన్

ఇందులో పనికొచ్చేది పావు వంతు, అది కూడా ఒక్కసారి చేయిస్తే చాలు, నెలనెలా కట్టేది కాదు.

పనికొచ్చేది ఇదీ. మీ సైటు రోబోట్స్ ఫైల్‌లో (ఏ బాట్, అంటే పేజీలు చదివే ప్రోగ్రాం, రావచ్చో రాకూడదో చెప్పే ఫైల్) ఎవరిని ఆపారో చూసుకోవాలి. జీపీటీబాట్‌ని ఆపితే చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్‌ఏఐ తన ఏఐ శిక్షణకి మీ పేజీలు వాడకుండా ఆపినట్టు, ఓఏఐ సెర్చ్‌బాట్‌ని ఆపితే చాట్‌జీపీటీ సెర్చ్ జవాబుల్లోంచి మిమ్మల్ని మీరే తీసేసుకున్నట్టు, ఈ రెండూ ఒకటి కావు. అలాగే గూగుల్ ఎక్స్‌టెండెడ్‌ని (గూగుల్ ఏఐ శిక్షణకి సంబంధించిన పేరు అది) ఆపినా గూగుల్ సెర్చ్‌కీ, ఏఐ ఓవర్‌వ్యూస్‌కీ ఏమీ తేడా రాదు, అవి మామూలు గూగుల్‌బాట్ తెచ్చిన పేజీల మీదే నడుస్తాయి. 2025 జులైలో ఎన్నో సైట్లకి ముందు కాపలా ఉండే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ కొత్తగా చేరే సైట్లకి ఏఐ క్రాలర్లను (పేజీలు చదివే బాట్‌లను) డిఫాల్ట్‌గా ఆపేస్తామని ప్రకటించింది, అందువల్ల మీకు తెలియకుండానే తలుపు మూసి ఉండొచ్చు. రెండోది, మీ పేజీలో అసలు విషయం జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే కోడ్) నడిచాకే కనిపించేలా కట్టి ఉంటే, జీపీటీబాట్ లాంటి చాలా ఏఐ క్రాలర్లకి ఖాళీ పేజీయే కనిపిస్తుంది. మూడోది, చాట్‌జీపీటీ సెర్చ్ వెనక మైక్రోసాఫ్ట్ వాళ్ళ సెర్చ్ బింగ్ కూడా ఉంది, అయినా మనవాళ్ళు బింగ్ మొహమే చూడరు. బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో గూగుల్ సెర్చ్ కన్సోల్ (సైటు ఓనర్లకి సెర్చ్ లెక్కలు చూపించే టూల్) నుంచి సైటుని అలాగే తెచ్చుకోవచ్చు, పది నిమిషాల పని, ఉచితం.

పనికిరానిది చెప్పాలంటే, ఆ కొటేషన్‌లో బోల్డ్ అక్షరాల్లో ఉన్నవే. ఏఐ కోసం ప్రత్యేకంగా ఎల్‌ఎల్‌ఎమ్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలు పెడతామన్నారు. 2024 సెప్టెంబర్‌లో ఒకాయన చేసిన ప్రతిపాదన అది. తన ఏఐ జవాబుల్లో కనిపించడానికి అలాంటి కొత్త ఫైళ్ళు గానీ, ప్రత్యేక మార్కప్ గానీ అక్కర్లేదని గూగుల్ తన గైడ్‌లోనే రాసింది. ఎఫ్‌ఏక్యూ (ప్రశ్న-జవాబుల) స్కీమాతో సెర్చ్‌లో పెద్దగా కనిపిస్తారన్నారు. ఆ సౌకర్యాన్ని గూగుల్ 2023 ఆగస్టులోనే ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకి తప్ప మిగతావాళ్ళకి తగ్గించేసింది. షాపు పేరు, అడ్రసు, టైమింగ్స్ చెప్పే స్కీమా పెట్టుకుంటే మంచిదే, కానీ పేజీలో కంటికి కనిపించేదీ అందులో ఉన్నదీ ఒకటే అయ్యుండాలి.

మ్యాప్స్, రివ్యూలు

బావ లాంటి షాపుకి పెట్టిన రూపాయికి ఎక్కువ తిరిగొచ్చేది ఇక్కడే అని నా నమ్మకం. ముందు బూజు దులపాలి. షాపు పేరుతో, పాత నంబరుతో, కొత్త నంబరుతో విడివిడిగా వెతికి, ఎక్కడెక్కడ ఏముందో ఒక కాగితం మీద రాసుకోవాలి. మాకు ఏడు చోట్ల దొరికింది, అందులో మూడు రకాల పేర్లు. ఒకచోట షాపు పేరు పక్కన బావ వాళ్ళ నాన్న పేరు, ఇంకోచోట పక్క షాపు అడ్రసు. అన్నీ ఒకేలా రాయించడానికి రెండు వారాలు పట్టింది, చిరాకు పని, కానీ ఖర్చు సున్నా.

రివ్యూల విషయంలో రెండు షాపులు ఊహించుకోండి. ఒకదానికి 4.9, కింద అన్నీ "గుడ్ సర్వీస్", "సూపర్", బొటనవేలు బొమ్మలు. రెండోదానికి 4.4, కానీ కింద "నీళ్ళు లీక్ అవుతుంటే పంపు మార్చమంటారేమో అనుకున్నా, పైపు బిగించి ఇన్‌స్పెక్షన్ చార్జీ మాత్రమే తీసుకున్నారు" అని ఉంది. జవాబులో రాయడానికి ఏఐకి విషయం దొరికేది రెండోదాంట్లోనే. మనుషులైనా దాన్నే నమ్ముతారు, మా అమ్మయితే 4.9 చూసి "వీళ్ళ చుట్టాలే రాసుంటారు" అంటుంది.

రివ్యూ రాస్తే వంద తగ్గిస్తాం అనడం గూగుల్ రూల్స్‌కి విరుద్ధం. సంతోషంగా ఉన్నవాళ్ళని ఏరి అడగడం కూడా అంతే. మన దేశంలో ఆన్‌లైన్ రివ్యూల కోసమే 2022లో ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది, కొన్న రివ్యూలు అందులో ఒప్పుకోరు. చేయాల్సింది చిన్నదే: పని అయిన రోజు సాయంత్రమే, అందరికీ, ఏం రాయాలో చెప్పకుండా లింకు పంపడం. చెడ్డ రివ్యూ వస్తే బావలా "ఈ కస్టమర్ మనోడు కాదు" అని రాయకండి. ఆ రోజు ఏం జరిగిందో, తర్వాత ఏం చేశారో రెండు వాక్యాల్లో రాయండి, ఏఐ ఆ జవాబు కూడా చదవగలదు.

నోటుబుక్కు

ఇక నేను బావకి అసలు చెప్పింది ఇది. షాపులో గల్లా పెట్టె పక్కన ఒక పొడుగాటి నోటుబుక్కు ఉంటుంది. ఏ ఇంటికి వెళ్ళినా తేదీ, కాలనీ పేరు, బోరా మంజీరానా (అంటే కుళాయి నీళ్ళా), లోపలికి వచ్చే నీళ్ళ టీడీఎస్, బయటికి వచ్చేదాని టీడీఎస్, మెంబ్రేన్ ఎన్నాళ్ళయింది, ఏం మార్చారు, ఇవన్నీ కుర్రాళ్ళు రాస్తారు. వారంటీ గొడవలు వస్తాయని బావ పెట్టుకున్న అలవాటు అది. అలాంటి బుక్కులు పదకొండు ఉన్నాయి. ప్రపంచంలో ఏ ఏఐ దగ్గరా లేని సమాచారం అది, మూసాపేటలో ఒక చెక్క అల్మరాలో ఉంది.

"ఆర్వో వల్ల లాభాలు" అని రాసేకంటే, "మేము వెళ్ళిన ఇళ్ళలో, ఫలానా కాలనీ బోరు నీళ్ళ టీడీఎస్ ఎండాకాలంలో ఇంత, వానలు పడ్డాక ఇంత" అని ఒక పేజీ పెడితే, ఆ ప్రశ్న అడిగినవాళ్ళకి జవాబు చెప్పడానికి ఏఐకి మీ పేజీ తప్ప దారి ఉండదు. దాని పక్కనే ప్రమాణం చెప్పండి: తాగునీటికి బీఐఎస్ ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల టీడీఎస్ వరకు సరే, వేరే నీళ్ళు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. పేజీ కింద ఎవరు కొలిచారు, ఎన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నారు, ఏ మీటరుతో కొలిచారు, ఎన్ని ఇళ్ళు అన్నది రాయండి. ఎవరు రాశారు, ఎలా రాశారు, ఎందుకు రాశారు అన్న మూడు ప్రశ్నలకి జవాబుండాలని గూగుల్ కూడా చెప్తుంది. ఇంటి నంబర్లు, కస్టమర్ల పేర్లు మాత్రం పొరపాటున కూడా ఎక్కించకండి, కాలనీ వరకు చాలు.

ఇది నా ఊహే కాదు. 2023లో ప్రిన్స్‌టన్, ఐఐటీ ఢిల్లీ తదితర సంస్థల పరిశోధకులు ఏఐ సెర్చ్ జవాబుల్లో ఏ రకం రాత ఎక్కువ కనిపిస్తుందో పరీక్షించారు. అంకెలు, ఆధారాలు, మూలం చెప్పి తెచ్చిన మాటలు చేర్చిన పేజీలు వాళ్ళ కొలతల్లో 40 శాతం దాకా ఎక్కువ కనిపించాయి. ఒకే కీవర్డుని పదే పదే కుక్కే పాత పద్ధతి దాదాపు పనిచేయలేదు. అయితే దీన్ని చూసి అంకెలు కల్పించేవాళ్ళు కూడా బయల్దేరారు, "98 శాతం కస్టమర్ల సంతృప్తి" అని. ఎక్కడిది ఆ 98? బావ బుక్కుల్లోని అంకె అయితే ఎవరు అడిగినా బుక్కు తీసి చూపించొచ్చు.

ఇక్కడే మా ఇద్దరికీ గొడవైంది. ఆ పేజీలో నేను ఒక పేరా పెట్టాను, మీ ఇంటికి మంజీరా నీళ్ళే వస్తూ టీడీఎస్ తక్కువగా ఉంటే ఆర్వో కొనక్కర్లేదు, సూక్ష్మజీవుల భయమే అయితే యూవీ ఫిల్టర్ సరిపోతుంది, ఆర్వో వల్ల ఖనిజాలు పోతాయి, నీళ్ళు వృథా అవుతాయి అని. "మన నోటితోని మనమే వద్దని చెప్పుడేంది?" అన్నాడు బావ. వారం రోజులు పేజీ ఆగిపోయింది. చివరికి ఒప్పించింది నేను కాదు, అక్క. "షాపుకొచ్చినోళ్ళకి నువ్వు రోజూ చెప్పేది అదే కదా" అంది. ఎప్పుడు తీసుకోకూడదో కూడా చెప్పే పేజీని, అమ్ముకునే పేజీ కంటే ఎవరైనా ఎక్కువ నమ్ముతారు, "నాకు ఆర్వో అవసరమా" అని ఏఐని అడిగేవాళ్ళకి తగిన పేరా కూడా అదే.

వ్యాపారాన్ని బట్టి లెక్క మారుతుంది

డాక్టర్లకి నోటుబుక్కు కంటే ముందు పేరు ముఖ్యం. రాసిన డాక్టరు పేరు, డిగ్రీ, తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు పేజీ మీద ఉండాలి, ఏజెన్సీ కుర్రాడు రాసి "అడ్మిన్" అని వదిలేసిన ఆరోగ్య పేజీలు తీసేయడమే మేలు. ఆరోగ్యం, డబ్బు విషయాల్లో సలహా చెప్పే ఇన్‌ఫ్లుయెన్సర్లు అర్హత చూపించాలని ప్రకటనల ప్రమాణాలు చూసే సంస్థ ఏఎస్‌సీఐ 2023 ఆగస్టులో చెప్పింది, వాళ్ళతో వీడియో చేయించే ముందు అది చూసుకోండి. షుగరు పూర్తిగా నయం చేస్తాం లాంటి గ్యారంటీలు 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కిందకి వస్తాయి, ఏఐ సంగతి తర్వాత.

కోచింగ్ సెంటర్ల వాళ్ళు అమీర్‌పేట ఫ్లెక్సీలని అలాగే వెబ్‌సైట్‌లోకి ఎక్కిస్తారు. 2024 నవంబర్‌లో వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ కోచింగ్ ప్రకటనలకి ప్రత్యేక నియమాలు తెచ్చింది, టాపర్ ఫోటో వాడాలంటే ఆ విద్యార్థి రాతపూర్వక అనుమతి కావాలి, అతను ఏ కోర్సు తీసుకున్నాడో చెప్పాలి. ఒక బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది అని మూడు అంకెలూ ధైర్యంగా పెట్టే సెంటర్ ఉంటే, ఆ ఒక్క పేజీ పక్కన వంద ఆర్టికల్స్ తేలిపోతాయి. నాకైతే ఇంతవరకు ఎవరూ ఒప్పుకోలేదు.

ప్లాట్ల వాళ్ళకి తాజాదనమే ప్రాణం. రాష్ట్రం కోడ్ 2024 మార్చిలో టీఎస్ నుంచి టీజీకి మారింది, 2025 ఏప్రిల్‌లో భూముల రికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి వచ్చింది, అయినా ఎన్నో పేజీలు ఇంకా ధరణిలో చూసుకోండి అనే చెప్తున్నాయి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్ళు చేరే హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ కట్టకూడని జాగా) గురించి అడగకుండా ప్లాటు కొనేవాడు లేడు. మీ వెంచర్ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, దగ్గర్లో చెరువుంటే దాని హద్దు ఎక్కడిదాకా అన్నది మీరే ముందు రాయండి. తేదీ మాత్రం మార్చి లోపల ఏమీ మార్చకపోవడం ఒక పాత ఎత్తు, అది వద్దు.

లాడ్‌బజార్ లక్క గాజుల వాళ్ళకి 2024లో జీఐ (ఫలానా ఊరి సరుకని చెప్పే) గుర్తింపు వచ్చింది, హలీమ్‌కి 2010లోనే వచ్చింది. అలాంటి సరుకు అమ్మేవాళ్ళకి రాత కంటే కొలిమి దగ్గర కూర్చుని గాజు చేస్తున్న మనిషి వీడియో మేలు, దాని కింద నాలుగు పేరాల వివరణ టైపు చేసి పెడితే సరి.

తెలుగా ఇంగ్లీషా

రెండూ పెట్టగలిగితే పెట్టండి, ఒకటే అంటే మీ కస్టమర్ అడిగే భాష. తెలుగులో సొంత అనుభవంతో రాసిన పేజీలు తక్కువ, కాబట్టి పోటీ తక్కువ. కానీ ఇంగ్లీషు పేజీని మెషీన్‌తో తెలుగు చేయించి చదవకుండా పెట్టేస్తే, "శుద్ధీకరణ యంత్రపు పొర" లాంటి మాటలు వస్తాయి, మెంబ్రేన్‌ని అలా ఎవడు అడుగుతాడు?

ఇంకోటి, దీన్ని ఎవరూ చెప్పరు. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టిన తెలుగు యూనికోడ్ (ఏ కంప్యూటరైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. దాన్ని కాపీ చేసి వెబ్‌సైట్‌లో పెడితే మెషీన్‌కి పిచ్చి గీతలే కనిపిస్తాయి. పాంప్లెట్‌ని ఫోటోగా ఎక్కించినా అందులో విషయం దానికి అందుతుందన్న నమ్మకం లేదు. మా బావ సైట్‌లో రేట్ల పట్టిక అంతా అలాంటి ఒక జేపీజీలోనే ఉండేది. అదంతా మామూలు తెలుగులో మళ్ళీ టైపు చేయించాం.

డబ్బు ఎలా పంచాం, ఫలితం ఎలా చూస్తున్నాం

మొదటి నెల 20 వేలలో 7 వేలు తెలిసిన కుర్రాడికి ఒక్కసారి టెక్నికల్ చెక్ కోసం, మిగతాది సైటు పేజీలు తిరగరాయడానికి. రెండో నెల నుంచి 20 అక్కర్లేదు, 6 వేలు చాలింది, అది నోటుబుక్కుల్ని టైపు చేసే షాపు కుర్రాడికి అదనపు జీతం. గురువారం గిరాకీ తక్కువ కాబట్టి ఆ రోజు కూర్చుంటాడు. అంతకంటే పెద్ద వ్యాపారమై ఏజెన్సీ తప్పదనుకుంటే, వాళ్ళని ఒకటే అడగండి: మా దగ్గరికి వచ్చి మా టెక్నీషియన్‌తోనో డాక్టర్‌తోనో గంటసేపు మాట్లాడి రాస్తారా, లేక కీవర్డు లిస్టు చూసి రాస్తారా? రెండోది అయితే మళ్ళీ అదే 60 ఆర్టికల్స్ కథ.

చూసుకోవడానికి పది ప్రశ్నలు రాసిపెట్టుకున్నాం, కస్టమర్లు అడిగే మాటల్లోనే. నెలకోసారి లాగిన్ కాకుండా గూగుల్‌లో, చాట్‌జీపీటీలో, పర్‌ప్లెక్సిటీలో అడిగి, మన పేరు వచ్చిందా, వస్తే చెప్పింది నిజమేనా అని రాసుకుంటాం. ఒకే ప్రశ్నకి పొద్దున ఒక జవాబు, సాయంత్రం ఒక జవాబు రావడం మామూలే, అందుకే ఎవరైనా ఒక్క స్క్రీన్‌షాట్ చూపించి ఫలితం వచ్చేసిందంటే నమ్మకండి. ఏఐ జవాబుల్లోంచి వచ్చిన క్లిక్కులని గూగుల్ సెర్చ్ కన్సోల్ మామూలు వెబ్ లెక్కలోనే కలిపి చూపిస్తుందని 2025లో గూగుల్ చెప్పింది, కాబట్టి అక్కడ విడిగా తెలియదు. బావ పద్ధతి వేరు, కొత్తగా ఫోన్ చేసిన ప్రతివాళ్ళనీ "మా నంబరు ఎట్ల దొరికింది సార్?" అని అడిగి అదే నోటుబుక్కులో రాస్తాడు.

ఇప్పుడు ఆదివారం షాపు తెరిచే ఉంటుందని మూడూ సరిగ్గానే చెప్తున్నాయి. ఒక్కోసారి మాత్రం ఆ పాత ల్యాండ్‌లైన్ నంబరు ఇంకా బయటికి వస్తోంది, ఎందుకంటే ఆ లిస్టింగ్ సైట్‌లో నంబరు మార్చాలంటే ఓటీపీ కాల్ ఆ ల్యాండ్‌లైన్‌కే వెళ్తుంది. షాపు లైసెన్సు కాపీ జతచేసి వాళ్ళకి మూడోసారి మెయిల్ పెట్టాను.